ఆటో డ్రైవరుకు దెబ్బ తగిలితే

సొంత ఆటో గాని, అద్దె ఆటో గాని నడుపుతూ ఏ పూట సంపాదన ఆ పూట ఇంటికి తెచ్చే డ్రైవరుకు చట్టం లెక్కలో చాలావరకు యజమాని లేడు. మన దేశంలో పనివాడి ఆరోగ్యానికి, పనిలో తగిలే దెబ్బకు పూచీ పడే చట్టాలన్నీ యజమాని దగ్గరే మొదలవుతాయి. 1923 నాటి పరిహార చట్టం, 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, మూడూ ముందుగా అడిగింది జీతం ఇచ్చేదెవరని. జవాబు లేనిచోట చట్టం అక్కడికక్కడే ఆగిపోయింది. 1961 చట్టమైతే ఐదుగురికంటే తక్కువమంది పనిచేసే సంస్థ జోలికే వెళ్లలేదు. ఒక బండి, ఒక మనిషి ఉన్నచోట దానికి పనేముంది?

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడింటిలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. సంస్థ సిబ్బంది 2020 జనవరి 1న ప్రభుత్వంలో విలీనమయ్యారు కాబట్టి బస్సు నడిపే డ్రైవరు ఇవాళ ప్రభుత్వ ఉద్యోగి. కాలు విరిగితే అతనికి సెలవుంది, జీతముంది, వైద్యానికి కార్డుంది. బస్టాండు బయట సీరియల్ కోసం నిలబడ్డ ఆటో డ్రైవరుదీ అదే రోడ్డు, అదే ఎండ, చాలాసార్లు అదే ప్రయాణికులు. కాలు విరిగిననాడు మాత్రం అతని సంపాదన ఆ నిమిషానే ఆగిపోతుంది. బండి మీద ఉన్న ఫైనాన్సు కిస్తీ ఆగదు.

జీతగాడికి దొరికే భద్రత ఏమిటో ముందు తెలిస్తే, ఆటో డ్రైవరుకు దొరకనిదేమిటో తేలిగ్గా అర్థమవుతుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న కార్మికుడికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. అందుకు యజమాని జీతంలో 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. దానికి బదులుగా ముఖ్యంగా నాలుగు రకాల రక్షణ ఉంటుంది. మొదటిది వైద్యం. రెండోది మంచాన ఉన్నన్నాళ్లు చేతికందే డబ్బు. మామూలు జబ్బుకైతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం, పనిలో తగిలిన దెబ్బకైతే మానేదాకా 90 శాతం ఇస్తారు. మూడోది శాశ్వతంగా చెయ్యో కాలో దెబ్బతింటే, ఆ వైకల్యానికి తగ్గట్టు నెలనెలా వచ్చే మొత్తం. నాలుగోది పనిలో మనిషి పోతే కుటుంబానికి పింఛను. ఈ నాలుగింటిలో ఆటో డ్రైవరుకు మొదటిది ప్రభుత్వ పథకాల ద్వారా చాలావరకు అందుతోంది. నాలుగోది ఏకమొత్తంగా, కొంతవరకు అందుతోంది. మూడోది అవయవం పూర్తిగా పోతే తప్ప దొరకదు. రెండోది దాదాపు లేదు. రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లకంటే గాయపడేవాళ్లే ఎక్కువ. అందుకే రెండోది లేకపోవడం అన్నిటికంటే పెద్ద లోటు.

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఆటో నడపడం ఎలాంటి పనో కొంచెం చెప్పుకోవాలి. ఇక్కడ చాలా రోడ్లు కాలవ గట్ల మీదుగానో గట్ల పక్కనో సాగుతాయి. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు పొలం, మధ్యలో రెండు బండ్లు ఒద్దికగా తప్పుకోవాల్సిన దారి. వరి కోతల కాలంలో రోడ్డులో సగం ధాన్యం ఆరబోతకే పోతుంది. రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టర్లు గడ్డి వేసుకుని నడుస్తుంటాయి. తెల్లవారుజామున మంచులో కూలీలను ఎక్కించుకుని పొలాలకు పోయే ఆటోలు ప్రమాదాలకు గురవుతుంటాయి. తెనాలి నుంచి కొల్లూరు, వేమూరు, భట్టిప్రోలు వైపు, దుగ్గిరాల పసుపు యార్డు వైపు, బాపట్ల నుంచి సూర్యలంక బీచికి, రేపల్లె నుంచి నిజాంపట్నం హార్బరుకు, పెనుమూడి వంతెన దాటి మోపిదేవి గుడికి ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. బాపట్ల, రేపల్లెల మీదుగా పోయే 216 జాతీయ రహదారి వెడల్పయ్యాక ప్రయాణం తేలికైంది, వేగమూ పెరిగింది. ఆ వేగంలో లారీ పక్కన మూడు చక్రాల బండి ఎంత నిలుస్తుందో నడిపేవాడికే తెలుసు. కార్తీక మాసం, ఆదివారాలు, పెళ్లిళ్ల రోజులు తప్పిస్తే సంపాదన ఎప్పుడూ ఒకేలా ఉండదు. వానాకాలంలో కొన్ని రోజులు డీజిలు ఖర్చు కూడా రాదు.

దెబ్బ ఒక్కటే కాదు, రోజంతా ఇరుకు సీటులో కూర్చుని నడపడం వల్ల వచ్చే జబ్బులూ ఉన్నాయి. నడుము నొప్పి, మెడ నరాల బాధ, వేళకు తిండి లేక వచ్చే గ్యాసు, పట్టించుకోని బీపీ, షుగరు. చూపు తగ్గినా ఫర్వాలేదనుకుని రాత్రిపూట బండి తీసేవాళ్లున్నారు. రవాణా వాహనం లైసెన్సు తీసుకునేటప్పుడు, రెన్యువలు చేసుకునేటప్పుడు డాక్టరు సంతకంతో ఫారం 1ఎ ఇవ్వాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. అంటే డ్రైవరు కళ్లు, ఒళ్లు బాగున్నాయో లేదో చూసుకోవడం ప్రభుత్వానికి అవసరమే. ఆ పరీక్షను నిజంగా చేయించి, లోపం కనిపిస్తే వైద్యం చేయించే ఏర్పాటు మాత్రం దానితో జోడించలేదు. ఫారం మీద సంతకం పడితే పని అయిపోయినట్టే. బండికి బ్రేకు చేయించడానికి ఉన్న పట్టుదల మనిషి విషయంలో కనబడదు.

రాష్ట్ర ప్రభుత్వాలు ఆటో డ్రైవర్లను పూర్తిగా పట్టించుకోలేదని అనలేం. 2019 అక్టోబరు 4న ఏలూరులో వైఎస్సార్ వాహనమిత్ర పథకం మొదలైంది. సొంత ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడుపుకునేవాళ్లకు ఏడాదికి 10,000 రూపాయలు ఇచ్చారు. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, మరమ్మతుల ఖర్చు కోసమని చెప్పారు. 2025 ఆగస్టు 15న మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పిస్తూ స్త్రీశక్తి పథకం వచ్చింది. డెల్టా పల్లెల్లో షేర్ ఆటో ఎక్కేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి దెబ్బ మొదట ఆటో స్టాండుల మీదే పడింది. ఆ ఏడాదే అక్టోబరు 4న విజయవాడలో 'ఆటో డ్రైవర్ల సేవలో' పథకం ప్రారంభించి, సుమారు 2.90 లక్షల మందికి తలా 15,000 రూపాయల చొప్పున 436 కోట్లు జమ చేశారు. రెండు ప్రభుత్వాలు, రెండు పార్టీలు, రెండు పేర్లు. లోపలి లెక్క మాత్రం ఒకటే. డబ్బు బండి ఖర్చుకో, తగ్గిన రాబడికో ఇచ్చిందే తప్ప, నడిపేవాడి ఒంటికి పూచీ పడినది కాదు. రెండు పథకాల్లోనూ బండి సొంతదై ఉండాలన్న షరతుంది. అద్దె బండి నడిపేవాడు రెండుసార్లూ లెక్కలోకి రాలేదు.

వైద్యం వరకు పరిస్థితి మెరుగే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, పేద కుటుంబాలకు పెద్ద ఆపరేషన్ల భయం చాలావరకు తగ్గించింది. ఎముకల శస్త్రచికిత్సలు, తలకు తగిలిన దెబ్బలు ఈ పథకం కిందికి వస్తాయి. రోడ్డు ప్రమాదాల విషయంలో కేంద్రం 2025 మే 5న నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. మోటారు వాహన ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా, ఎంపిక చేసిన ఆసుపత్రిలో డబ్బు కట్టకుండా చికిత్స చేయాలన్నది దాని సారాంశం. తప్పు ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ లేదు కాబట్టి, ఆటో తిరగబడితే ప్రయాణికుడికే కాదు, డ్రైవరుకూ ఇది వర్తిస్తుంది. తెనాలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. అక్కడ కుదరని కేసును గుంటూరు పెద్దాసుపత్రికి పంపుతారు. మనిషి ప్రాణంతో బయటపడతాడు, కట్టుతో ఇంటికి వస్తాడు. అసలు కష్టం ఆ మర్నాటి నుంచి.

బీమా మాట వచ్చేసరికి చాలామందిలో ఒక భ్రమ ఉంది. బండికి ఇన్సూరెన్సు ఉంది కాబట్టి తనకూ ఉన్నట్టేనని డ్రైవరు అనుకుంటాడు. మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షను తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమాను. అంటే బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి పూచీ. నడిపే యజమానికి విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. 2018 సెప్టెంబరు దాకా ఆటో, కారు వంటి వాటికి అది రెండు లక్షలు మాత్రమే. మద్రాసు హైకోర్టు ఆ మొత్తం చాలదన్న తరవాత బీమా నియంత్రణ సంస్థ దాన్ని 15 లక్షలకు పెంచింది. ఏడాది ప్రీమియం 750 రూపాయలుగా మొదలైంది. బ్యాంకు ఖాతా ద్వారా తీసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా 2015 మేలో ఏడాదికి 12 రూపాయలతో మొదలై, 2022 జూన్ 1 నుంచి 20 రూపాయలైంది. ప్రమాదంలో మరణిస్తే రెండు లక్షలు ఇస్తుంది.

ఈ రెండు బీమాల్లోనూ షరతులు చదివితే విషయం తెలుస్తుంది. మరణానికి పూర్తి మొత్తం. రెండు కళ్లో, రెండు చేతులో, రెండు కాళ్లో పోతే పూర్తి మొత్తం. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పోతే సగం. తొడ ఎముక విరిగి, లోపల రాడ్డు వేసి, నాలుగు నెలలు నేల మీద కాలు మోపలేకపోతే రూపాయి కూడా రాదు. ఎముక అతుకుతుంది కాబట్టి అది నష్టమే కాదన్నట్టు ఆ షరతులు రాశారు. అతికేలోపు పిల్లల స్కూలు ఫీజు, ఇంటద్దె, బండి కిస్తీ ఎవరు కట్టాలో వాటిలో లేదు. వరసగా కొన్ని నెలలు కిస్తీ తప్పితే ఫైనాన్సు వాళ్లు బండిని తీసుకుపోతారు. కాలు బాగై లేచిన మనిషికి నడపడానికి బండి ఉండదు. దెబ్బ చిన్నదైనా కుటుంబం అప్పుల్లోకి జారిపోయే దారి ఇదే.

15 లక్షల బీమాకు ఇంకో చిక్కుంది. అది బండి ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో ఆ యజమానికే. ఆయనే నడుపుతూ ఉండాలి, లైసెన్సు ఉండాలి, పాలసీలో పేరుండాలి. సెకండ్ హ్యాండులో ఆటో కొని, సి బుక్కు పేరు మార్చుకోకుండా ఏళ్లతరబడి నడుపుకోవడం మన స్టాండుల్లో మామూలే. ఖర్చవుతుందని ఒకరు, ఫైనాన్సు తీరలేదని ఒకరు, రేపు చూద్దామని ఇంకొకరు వాయిదా వేస్తారు. అలాంటివాడు ప్రమాదంలో పోతే పాలసీ కాగితం మీద యజమాని వేరొకరు. పరిహారం అడిగే హక్కు ఆ కాగితం దగ్గరే చిక్కుకుంటుంది. బండి అరువు తెచ్చుకుని నడిపినవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టేననీ, ఆ బండి బీమా కంపెనీ మీదే థర్డ్ పార్టీ పరిహారం కోరలేడనీ సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులో చెప్పింది. 2020 జనవరిలో రాంఖిలాడి కేసులోనూ అదే మాట. అక్కడ మృతుడి కుటుంబానికి పాలసీలోని వ్యక్తిగత ప్రమాద బీమా, లక్ష రూపాయలు మాత్రమే దక్కింది.

లైసెన్సు విషయంలో మాత్రం కొంత ఊరట వచ్చింది. తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు రవాణా వాహనం కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. బ్యాడ్జి లేదన్న ఒక్క సాకుతో బీమా కంపెనీలు తప్పుకునే దారి దీంతో ఇరుకైంది.

అద్దె బండి నడిపేవాడి సంగతి మరీ విచిత్రం. పొద్దున ఓనరు దగ్గర తాళం తీసుకుంటాడు. సాయంత్రం మాట్లాడుకున్న అద్దె చేతిలో పెట్టి, డీజిలు పోను మిగిలింది తీసుకుపోతాడు. అతను జీతగాడా, బండిని అద్దెకు తీసుకున్న వ్యాపారా? జీతగాడని రుజువైతే ఉద్యోగి పరిహార నిబంధనలు వర్తిస్తాయి. ఆ నిబంధనల లెక్క చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. నెలకు 15,000 రూపాయల కూలిని గరిష్ఠంగా తీసుకుని, అందులో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో గుణిస్తారు. 40 ఏళ్ల డ్రైవరు పనిలో చనిపోతే ఆ అంకె 184.17. అంటే 13,81,275 రూపాయలు. గాయపడి తాత్కాలికంగా పనిచేయలేకపోతే నెల కూలిలో నాలుగో వంతు చొప్పున ప్రతి పదిహేను రోజులకూ చెల్లించాలి. ఓనరు తీసుకున్న పాలసీలో జీతపు డ్రైవరు బాధ్యత చేరి ఉంటే బీమా కంపెనీయే ఇది కట్టాలి. ఇంత హక్కు ఉన్నా చేతికి రానిది కాగితం లేకే. ఓనరుకూ డ్రైవరుకూ మధ్య రాతకోతలుండవు. ప్రమాదం జరిగాక ఓనరు తన డ్రైవరేనని ఒప్పుకుంటాడా, బండి అద్దెకిచ్చానంటాడా అన్నదాన్ని బట్టి ఒక కుటుంబం భవిష్యత్తు తేలుతుంది. పేరు, లైసెన్సు నంబరు, రోజు కూలి రాసి ఇద్దరూ సంతకాలు పెట్టిన ఒక్క కాగితం ఉంటే ఈ వివాదంలో సగం ముందే తీరిపోతుంది.

తప్పు ఎదుటి బండిదైతే దారి వేరు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో, అంటే జిల్లా స్థాయి కోర్టులో, ఎదుటి బండి యజమాని మీద, దాని బీమా కంపెనీ మీద దావా వేయవచ్చు. మంచాన ఉన్న నెలల సంపాదన కూడా అక్కడ అడగవచ్చు. 2019 సవరణ ఈ దావాకు ఆరు నెలల గడువు పెట్టింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో వాదన నడిచినా, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయడం తెలివైన పని కాదు. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయల పరిహారం ఉంది. గేదె అడ్డమొచ్చి తనంతట తానే కాలవలో పడిన ఆటో డ్రైవరుకు దావా వేయడానికి ఎదుటివాడు లేడు.

ఈ ఖాళీని ఇన్నాళ్లూ పూడుస్తున్నది స్టాండే. ఒక డ్రైవరు పడిపోతే యూనియన్ డబ్బా తిరుగుతుంది. తలా వందో యాభయ్యో వేస్తారు. ఆసుపత్రి దగ్గర ఒకరు కాపలా ఉంటారు, ఇంకొకరు అతని పిల్లల్ని స్కూల్లో దింపుతారు. ఇది దయ కాదు, రేపు తనకైనా ఇదే గతన్న ఎరుకతో నడిచే పాత ఏర్పాటు. ఒక రకంగా బీమా సూత్రమే. కాకపోతే ముప్ఫై బండ్ల స్టాండుకు ఒకే నెలలో ఇద్దరు పడితే డబ్బా ఖాళీ అవుతుంది. బీమాకు పెద్ద గుంపు కావాలి, ముందే పోగైన నిధి కావాలి.

చట్టంలో ఇందుకు చోటు లేకపోలేదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పాత ఇ.ఎస్.ఐ. చట్టం, పరిహార చట్టం అందులోనే కలిశాయి. యాప్ ద్వారా బండ్లు నడిపించే కంపెనీలు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం సామాజిక భద్రతా నిధికి ఇవ్వాలని ఆ కోడ్ చెబుతోంది. ఓలా, ఊబర్, ర్యాపిడో డ్రైవర్ల గురించి పత్రికల్లో చర్చంతా దీని చుట్టూనే. కానీ ఆ పని పెద్ద నగరాల్లో ఎక్కువ. రేపల్లె స్టేషను బయట బేరం మాట్లాడుకునే ఆటోకు మధ్యలో కంపెనీ లేదు, టర్నోవరూ లేదు. అతను కోడ్ భాషలో అసంఘటిత కార్మికుడు. అసంఘటిత కార్మికుల గురించి చెప్పే 109వ సెక్షను ఆరోగ్యం, ప్రసూతి, వృద్ధాప్యం వంటివి కేంద్రానికి అప్పగించి, పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే ప్రయోజనానికి పథకం చేసే బాధ్యతను రాష్ట్రం మీద పెట్టింది. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టంలోనూ ఇలాగే ఉండేది. ఇక 45వ సెక్షను ప్రకారం అసంఘటిత కార్మికులకు ఇ.ఎస్.ఐ. ప్రయోజనాలు అందేలా కేంద్రం ప్రత్యేక పథకం తేవచ్చు. తలుపులు రెండున్నాయి. తెరవాల్సినవాళ్లు తెరవాలి.

యజమాని లేనివాడికి నిధి ఎలా పోగుచేయాలన్నది కొత్త ప్రశ్నేమీ కాదు. కేరళ 1985లోనే మోటారు రవాణా కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసింది. సొంత బండి తానే నడుపుకునేవాడినీ అందులో చేర్చింది. బండి పన్ను కట్టాలంటే నిధి వాటా కట్టిన రసీదు చూపాలని తరవాత ముడిపెట్టింది. వసూలుకు కొత్త ఆఫీసు అక్కర్లేకుండా పోయింది. న్యూయార్క్ రాష్ట్రం 1999లో ఇంకో దారి పట్టింది. అక్కడ ముందుగా పిలిపించుకునే అద్దె కార్లు, అంటే బ్లాక్ కార్లు, నడిపే డ్రైవర్లు ఎవరికీ ఉద్యోగులు కారు. శాసనసభ ఒక నిధిని సృష్టించి, ప్రతి ప్రయాణికుడి బిల్లు మీద చిన్న సర్‌చార్జీ వేసింది. గాయపడిన డ్రైవరు పరిహారం విషయంలో ఆ నిధినే యజమానిగా భావించాలని చట్టంలో రాసింది. యజమాని లేడన్న చిక్కును ఒక్క వాక్యంతో విప్పిన తీరు అది. ఊబర్ వచ్చాక ఆ డ్రైవర్లూ అందులోకే చేరారు. న్యూజీలాండ్ 1974 నుంచి మరీ ముందుకు వెళ్లింది. తప్పు ఎవరిదని అడగకుండా, ప్రమాదంలో గాయపడిన ప్రతి సంపాదనపరుడికీ, సొంత పని చేసుకునేవాడితో సహా, పోయిన రాబడిలో 80 శాతం ఇస్తోంది. వాహనాల రుసుములోనూ, పెట్రోలు ధరలోనూ కొంత ఆ నిధికి పోతుంది.

స్టాండులో బిల్లు ఉండదు కాబట్టి న్యూయార్క్ సర్‌చార్జీ మన దగ్గర కుదరదు. కేరళ దారి కుదురుతుంది. ప్రతి ఆటోకూ ఏడాదికోసారి ఇన్సూరెన్సు కట్టాలి, గడువు ప్రకారం ఫిట్‌నెస్ చేయించాలి. వాటితో పాటే వాటా కట్టించుకోవచ్చు. మంచాన ఉన్నవాడికి రోజు లెక్కన డబ్బివ్వడం కూడా ఆంధ్రకు కొత్త కాదు. 2019 డిసెంబరు 2న గుంటూరు పెద్దాసుపత్రిలోనే ఆరోగ్య ఆసరా పథకం మొదలైంది. ఆపరేషను అయి ఇంటికి వెళ్లిన రోగికి కోలుకునేదాకా రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వాలన్నది దాని ఏర్పాటు. డాక్టరు ఎన్నాళ్లు విశ్రాంతి రాస్తే అన్నాళ్లకు లెక్క. నకిలీ గాయాలతో డబ్బు తినేస్తారన్న అభ్యంతరానికి జవాబు అందులోనే ఉంది. ఆసుపత్రి రికార్డు లేనిదే డబ్బు రాదు.

లెక్క ఎంతవుతుందో ఊహకు చూడవచ్చు. ఇప్పుడిస్తున్న 15,000లో నుంచి డ్రైవరుకు వెయ్యి చొప్పున పక్కన పెడితే 2.90 లక్షల మందికి 29 కోట్లు. ఏడాదిలో వందకు ఇద్దరు గాయపడి, ఒక్కొక్కరు 60 రోజులు మంచాన ఉంటారనుకుందాం. రోజుకు 300 చొప్పున ఇస్తే ఒక్కొక్కరికి 18,000. 5,800 మందికి పది కోట్ల నలభై నాలుగు లక్షలు. అంచనా రెట్టింపైనా నిధిలో ఇంకా మిగులుంటుంది. ఆ మిగులుతో అద్దె బండి వాళ్లనూ చేర్చుకోవచ్చు, ఏడాదికోసారి కంటి పరీక్ష, బీపీ, షుగరు పరీక్ష స్టాండు దగ్గరికే తేవచ్చు. చేర్చుకోవడానికి బండి కాగితం కాకుండా లైసెన్సును ఆధారం చేసుకుంటే చాలు. బండి ఎవరిదైనా లైసెన్సు నడిపేవాడిదే.

ఏకమొత్తం నగదు ఖాతాలో పడితే అందరికీ కనబడుతుంది, ఎన్నికల సభలో చెప్పుకోవడానికి బాగుంటుంది. గాయపడినవాడికి నెలనెలా పోయే అయిదువేలో తొమ్మిదివేలో ఎవరికీ కనబడవు. డ్రైవర్లకంటూ ఇలాంటి పథకం ఇన్నాళ్లూ రాకపోవడానికి డబ్బు కొరత కంటే ఇదే పెద్ద కారణం. యూనియన్లు కూడా ఎప్పుడూ నగదు పెంచమనే అడిగాయి గాని, మంచాన ఉన్నన్నాళ్ల పూచీని గట్టిగా అడిగింది తక్కువ.

అలాంటి నిధి వచ్చేదాకా డ్రైవరు చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. సి బుక్కు తన పేరు మీదకు మార్చుకోవాలి. ఈ ఏడాది ఇన్సూరెన్సు కాగితంలో యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా అన్న వరస ఉందో లేదో, నామినీ పేరు రాశారో లేదో చూసుకోవాలి. బ్యాంకులో 20 రూపాయల బీమా మే నెలాఖరులో కోత పడేలా ఖాతాలో డబ్బుంచాలి. అద్దె బండి అయితే ఓనరు దగ్గర రాతపూర్వకంగా కాగితం తీసుకోవాలి. ప్రమాదం జరిగితే రాజీ మాటలకు ముందు పోలీసు స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయించాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడు రోడ్డు ప్రమాదమని రాయించాలి. దావాకు ఆరు నెలలు దాటనివ్వకూడదు. ఈసారి యూనియన్ మీటింగు పెట్టినప్పుడు వినతిపత్రంలో నగదు సాయంతో పాటు గాయపడిన రోజుల కూలిని కూడా ఒక డిమాండుగా చేర్చాలి.